మంజీర ఒడ్డు దారుల్లో సెడాన్: చేయవలసినవి, చేయకూడనివి

మహారాష్ట్ర సరిహద్దులోని సగరోళిలో ఉండేవాళ్లు ఏ పెద్ద పనికైనా బండి తీయాల్సిందే. తాలూకా పనికి బిలోలి, జిల్లా పనికి నాందేడ్. పెళ్లి బట్టలకు, బంగారానికి, డాక్టరుకు, చుట్టాలింటికి మంజీర దాటి సాలూర మీదుగా బోధన్, నిజామాబాద్. ఇంకా పెద్ద పని పడితే హైదరాబాద్. 1956 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఊళ్లివి. రాష్ట్రాలు వేరైనా వియ్యాలు ఆగలేదు. అందుకే ఇక్కడ కాస్త చేతిలో డబ్బాడిన కుటుంబం కారు కొనాలనుకుంటే, నలుగురైదుగురు కాళ్లు చాపుకుని కూర్చోగలిగి, మూటాముల్లే అంతా డిక్కీలో పట్టే సెడాన్ వైపే చాలాకాలం చూసింది. సిటీ, వెర్నా, సియాజ్, రాపిడ్, వెంటో, ఈమధ్య వచ్చిన స్లావియా, వర్టస్ అన్నీ ఆ కోవవే. కొత్తగా కొనేవాళ్లు ఇప్పుడు ఎత్తు బళ్లకు మళ్లుతున్నారు, సియాజ్ 2025లో ఆగిపోయింది కూడా. కానీ పట్నంలో అమ్మేసిన సెడాన్లు సెకండ్ హ్యాండ్‌లో మన ఊళ్లకు వస్తూనే ఉన్నాయి.

వీటిని వాడేవాళ్లను కదిపితే ముందు వచ్చే మాట ఒకటే: "వంద మీద పోతున్నా అరవైలో ఉన్నట్టే ఉంటుంది." మెచ్చుకుంటూ చెప్పే ఆ మాటే నాకు భయం కలిగిస్తుంది. బండి నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపులో ఊగదు. అద్దాలు ఎత్తితే గాలి హోరు లోపలికి రాదు. గతుకు తగిలినా నడుముకు తెలియదు. ఇవన్నీ మంచి గుణాలే. అయితే నడిపేవాడికి తెలిసి తీరాల్సిన సంగతులను కూడా ఇవే దాచేస్తాయి. వేగం, వెనక దిగబడిన బరువు, టైరు అరుపు, అడుగున తగిలిన రాయి, కళ్ల మీదికి వస్తున్న నిద్ర, ఇవేవీ తెలియవు. ఈ దారుల్లో సెడాన్ నడిపేవాళ్లు చేయాల్సిన జాగ్రత్తలన్నీ బండి దాచిపెట్టినవాటిని కనిపెట్టడానికే.

చీకట్లో ట్రాలీ

అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా చెప్పాల్సింది ఇది. దీపావళి దాటిందంటే ఈ ప్రాంతంలో చెరకు కదులుతుంది. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డా రెండు వైపులా చెరకు పండుతూనే ఉంది, దూరపు ఫ్యాక్టరీలకు పోతూనే ఉంది. ఒక ట్రాక్టరు వెనక రెండేసి ట్రాలీలు. గడలు పక్కలకూ వెనక్కీ పొడుచుకొచ్చి ఉంటాయి. ఎర్ర లైటు ఉన్నా గడల కింద మునిగిపోతుంది. చాలావాటికి రిఫ్లెక్టర్ పట్టీ కూడా ఉండదు. గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్ల వేగంతో చీకట్లో చీకటిలా పోతుంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. డిప్ చేసిన హెడ్‌లైటు వెలుగులో లైటు లేని వస్తువు మనకు స్పష్టంగా కనిపించేది 40, 50 మీటర్ల దూరంలోనే. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. చూసి, అర్థమై, బ్రేకు మీదికి కాలు పోయేసరికి సెకనున్నర గడుస్తుంది. అంటే 33 మీటర్లు అప్పటికే అయిపోయాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 35 మీటర్లు కావాలి. మొత్తం 70కి దగ్గర. కనిపించేదేమో 50. మిగిలిన 20 మీటర్లు ట్రాలీ కిందే. అదే 60 వేగంలో అయితే అంతా కలిపి 45 మీటర్లలో బండి ఆగుతుంది. ఆ 20 కిలోమీటర్ల తేడా ప్రాణం నిలుపుతుంది. బిలోలి, బోధన్, ధర్మాబాద్ వైపు రెండు వరుసల రోడ్ల మీద పొద్దు గూకాక 60 దాటకండి. బండి ఎంత నిశ్శబ్దంగా ఉన్నా స్పీడో మీటరు మీద చూపు వేస్తూ ఉండండి. చెవి చెప్పదు కాబట్టి కన్నే చెప్పాలి.

"మనది 5 స్టార్ బండి" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. స్లావియా, వర్టస్, వెర్నా 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు తెచ్చుకున్న మాట నిజం. ఆ ముందు గుద్దుడు పరీక్ష 64 కిలోమీటర్ల వేగంతో, బంపర్ ఎత్తులో ఉండే అడ్డుకు గుద్ది చేస్తారు. దెబ్బ బంపర్‌కు తగిలితే ముందు భాగం ముడుచుకుని ఆ బలాన్ని మింగుతుంది. ట్రాలీ అడుగు చెక్క మాత్రం సెడాన్ బానెట్ కంటే ఎత్తులో ఉంటుంది. ముడుచుకోవాల్సిన భాగం కిందికి దూరిపోతుంది, దెబ్బ నేరుగా ముందు అద్దానికి, తల ఎత్తులో తగులుతుంది. ఎత్తు బండికంటే సెడాన్‌కు ఈ ముప్పు ఎక్కువ. అందుకని ఇక్కడ ఎయిర్‌బ్యాగుల కంటే దూరం పాటించడమే పెద్ద రక్ష.

ఎదురుగా ఎవరూ లేనప్పుడు అప్పర్ లైటు వాడండి, ఎదుటి బండి కనిపించగానే డిప్పర్ వేయండి. ఎదుటివాడు వేయకపోతే పంతానికి మీరూ అప్పర్ కొట్టకండి, ఇద్దరికీ కళ్లు పోతాయి. వేగం తగ్గించి రోడ్డు ఎడమ అంచు తెల్ల గీతను చూస్తూ పోనివ్వండి. ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా తుడవండి, అక్కడి పొర రాత్రిపూట ఎదుటి వెలుగును అద్దమంతా పరుస్తుంది.

ఓవర్‌టేక్ చేసే ముందు ట్రాలీకి అతుక్కుపోకండి. సెడాన్ సీటు కిందికి ఉంటుంది, దగ్గరికి పోయేకొద్దీ ముందేముందో కనిపించడం తగ్గుతుంది. నాలుగు కార్ల దూరం వెనక్కి ఉంటే రోడ్డు తెరుచుకుంటుంది. ఒక ట్రాలీ అనుకుని దాటబోతే రెండోది ఉంటుంది, ఆ రెంటికి ముందు ట్రాక్టరు. ఆ మొత్తం పొడుగు కళ్లారా చూశాకే కుడికి రండి.

ఇసుక టిప్పర్లది మరో తీరు. మంజీర ఇసుక రేవుల నుంచి వచ్చే బళ్ల నుంచి తడి ఇసుక కారుతూ పోతుంది. ఆరిన తర్వాత మలుపుల్లో అది పలచటి పొరగా మిగులుతుంది. దాని మీద గట్టి బ్రేకు వేస్తే బండి జారుతుంది. టిప్పర్ వెనకే పోకండి. టార్పాలిన్ లేకుండా పోయేదాని నుంచి రాళ్లు ఎగిరి అద్దానికి తగులుతాయి.

మీ బండే దారిలో ఆగిపోతే నాలుగు ఇండికేటర్లు వేసి, డిక్కీలోని ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనక నిలబెట్టండి. లోపలి మనుషులందరినీ దించి రోడ్డు దిగువకు పంపండి. ఆగిన కారులో కూర్చోబెట్టకండి.

వెనక సీటు బెల్టు

2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోనే పాల్ఘర్ జిల్లాలో, అహ్మదాబాద్ నుంచి ముంబై వచ్చే హైవే మీద సూర్యా నది వంతెన దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు గోడకు గుద్దుకుంది. ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు. వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. అది చాలా ఖరీదైన, గట్టి కారు. అయినా బెల్టు లేని మనిషి అదే వేగంతో ముందుకు విసిరేసినట్టు పోతాడు, ముందు సీటునూ అందులోని మనిషినీ కూడా గుద్దుతాడు.

మన ఇళ్లలో వెనక సీటు ఎవరిది? అమ్మది, అత్తమ్మది, పిల్లలది. అంటే మనం ఎక్కువగా ప్రేమించేవాళ్లను బెల్టు లేని చోట కూర్చోబెడుతున్నాం. చాలా సెడాన్లలో వెనక బెల్టు బకిల్స్ సీటు కవర్ల కింద పూడిపోయి ఉంటాయి. ఈ వారమే కవర్ తీసి వాటిని పైకి లాగండి. లాగి వదిలితే బెల్టు లోపలికి పోతోందా, గట్టిగా గుంజితే పట్టుకుంటోందా చూడండి. పాత మోడళ్లలో నడిమి సీటుకు నడుము పట్టీ మాత్రమే ఉంటుంది. వీలైతే ఆ చోటు ఖాళీగా వదలండి. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా కోసం కాదు కానీ, "చట్టం ఉందమ్మా" అంటే పెద్దవాళ్లు తొందరగా వింటారు.

గర్భిణులు బెల్టు మానకూడదు. కింది పట్టీ పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా రావాలి. పై పట్టీ పొట్టకు పక్కగా, రొమ్ముల మధ్య నుంచి పోవాలి. పొట్ట మీదుగా ఎప్పుడూ వద్దు.

పిల్లల సంగతి నొక్కి చెప్పాలి. రెండు ముందు సీట్ల మధ్య నిలబడి ముందుకు చూస్తూ పోవడం పసివాళ్లకు ఎంతో ఇష్టం. నిలబడనివ్వకండి. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. గుద్దుకున్నప్పుడు రెప్పపాటు కంటే తక్కువ సమయంలో తెరుచుకునే ఎయిర్‌బ్యాగు పెద్దవాళ్ల ఛాతీ కోసం చేసింది. ఒళ్లో బిడ్డ ఉంటే ఆ దెబ్బ బిడ్డ తలకు తగులుతుంది, వెనక నుంచి మన బరువు నొక్కుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు వెనక సీట్లో బిగించే చైల్డ్ సీటు కొనండి. అది కారు మీద పెట్టే సోకు ఖర్చులన్నిటికంటే ముందు పెట్టాల్సిన ఖర్చు. ఆ సీటును, ముఖ్యంగా పాప వెనక్కి చూసేలా పెట్టేదాన్ని, ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో పెట్టకండి.

బెల్టు పెట్టుకోకపోతే వచ్చే కూతను ఆపడానికి దొంగ క్లిప్పులు అమ్మేవారు. వాటిని అమ్మొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఆన్‌లైన్ అమ్మకందార్లకు ఆదేశాలిచ్చింది. మీ బండిలో ఉంటే తీసి పారేయండి. బంపర్‌కు ఇనుప బుల్ బార్ బిగించకండి. 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దంది. అది ముందు భాగాన్ని ముడుచుకోనివ్వదు, ఎయిర్‌బ్యాగు సెన్సార్ల లెక్క తప్పిస్తుంది, ఎదుట నడిచేవాళ్లను చంపుతుంది. సీట్లోనే సైడ్ ఎయిర్‌బ్యాగులున్న బండికి మామూలు కవర్లు తొడగకండి, అది బయటికి రావాల్సిన కుట్టు మూసుకుపోతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎడమ వైపు ఎయిర్‌బ్యాగు మూత ఉంటుంది. దేవుడి బొమ్మను దాని మీద అంటించకండి, రాతిది, ఇత్తడిది అసలే వద్దు. చిన్న పటాన్ని ఇంకో చోట పెట్టుకున్నా భక్తి తగ్గదు.

పెళ్లికి పోయేటప్పుడు

ఈ తరగతి సెడాన్ల డిక్కీలు చాలావరకు 500 లీటర్లు దాటి ఉంటాయి. వెర్నాది 528, స్లావియాది 521. చోటుంది కదా అని బియ్యం సంచులు, స్వీట్ల డబ్బాలు, ఇత్తడి సామాను నింపి, లోపల ఐదుగురికి బదులు ఏడుగురు ఎక్కితే బండి వెనక్కి కూర్చుంటుంది. లోపల సుఖానికి పెద్దగా లోటు రాదు గానీ మూడు సంగతులు మారతాయి. బ్రేకు వేసిన తర్వాత ఆగే దూరం పెరుగుతుంది. వెనక టైర్లు నలిగి వేడెక్కుతాయి. ముందు భాగం పైకి లేచి మీ డిప్పర్ లైటే ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

డ్రైవర్ తలుపు తీస్తే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది. మామూలు బరువుకు ఎంత గాలి, నిండు బరువుకు ఎంత గాలి అని విడివిడిగా రాసి ఉంటుంది. బయల్దేరే ముందు ఆ రెండో అంకె ప్రకారం గాలి పట్టించండి, తిరిగొచ్చాక తగ్గించండి. స్టీరింగ్ పక్కన లైటును కిందికి దించే చిన్న చక్రం చాలా బళ్లలో ఉంటుంది. కారు కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకుని ఉండరు. నిండు బరువుతో పోయేటప్పుడు దాన్ని తిప్పి లైటు దించండి. బరువైనవి డిక్కీలో వెనక సీటును ఆనించి, కింద పెట్టండి. వెనక అద్దం ముందున్న పలక మీద నీళ్ల డబ్బా, కొబ్బరికాయలు, స్పీకర్ ఏవీ వద్దు. గట్టిగా బ్రేకు పడితే అవి తలల మీదికి వస్తాయి.

తిరుగు ప్రయాణం చాలామంది భోజనం చేశాక అర్ధరాత్రి పెట్టుకుంటారు. దెగ్లూర్ మీదుగా సంగారెడ్డి దాకా 161 నంబరు హైవే నాలుగు వరుసలైంది. ఆ తిన్నని రోడ్డు, చల్లటి ఏసీ, నిశ్శబ్దం కలిసి మనిషిని నిద్రలోకి తీసుకుపోతాయి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య నడపకండి. చుట్టాలింట్లో పడుకుని పొద్దున్నే రండి. ఒక్క పెగ్గే కదా అన్నవాడికి తాళం ఇవ్వకండి, ఆ మాటలో మొహమాటం వద్దు.

నీళ్లు

1931లో పూర్తయిన నిజాంసాగర్ మనకు పైన ఉంది. దానికీ పైన సింగూర్ ఉంది. అక్కడ గేట్లెత్తితే ఇక్కడ చినుకు పడకపోయినా మంజీర పొంగుతుంది, నదిలో కలవాల్సిన వాగులు వెనక్కి తంతాయి. 2025 ఆగస్టులో మన జిల్లాలోని ముఖేడ్ తాలూకాలోనూ, ఆ నెలాఖరున కామారెడ్డి జిల్లాలోనూ కురిసిన కుండపోత గంటల్లో ఊళ్లను ముంచింది, రోడ్లను కోసేసింది. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో బండి తీసే ముందు పై డ్యాముల గేట్ల వార్త చూడటం అలవాటు చేసుకోండి.

కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే సెడాన్‌ను దించకండి. ముందు లారీ పోయింది కదా అనుకోవద్దు. లారీ బరువు వేరు, ఎత్తు వేరు. వేగంగా పారే అడుగు లోతు నీళ్లు చిన్న కారును పక్కకు నెట్టగలవు. రెండడుగులకు చాలా కార్లు తేలిపోతాయి. పైగా ఆ మట్టినీళ్ల కింద రోడ్డు మిగిలి ఉందో లేదో తెలియదు. రాత్రి అయితే వెనక్కి తిరగడం తప్ప ఇంకో ఆలోచనే వద్దు. బోధన్‌లో ఒక రాత్రి లాడ్జిలో ఉంటే పోయేది కొన్ని వందలే.

నిలిచిన నీళ్లలో కూడా చక్రం నడిమి బొడ్డు మునిగేంత లోతు ఉంటే వెళ్లకండి. ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం చాలా సెడాన్లలో ముందు గ్రిల్ వెనక కిందికే ఉంటుంది. ఎదురుగా బస్సు లేపే అల చాలు, నీళ్లు అందులోకి పోతాయి. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకండి. ఆగిన ఇంజన్ చాలాసార్లు బాగవుతుంది. నీళ్లు మింగి మళ్లీ తిరిగిన ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ ఖర్చు మామూలు ఇన్సూరెన్స్‌లో రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరుగా తీసుకుంటేనే వస్తుంది.

అనుకోకుండా బండి కొట్టుకుపోవడం మొదలైతే మొదటి పని కిటికీ అద్దం దించడం. ఫోన్ తర్వాత. కరెంటు పోకముందే అద్దం దించి, బెల్టు తీసి, కిటికీలోంచి బయటికి రావాలి. నీళ్ల ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. అద్దం పగలగొట్టాల్సి వస్తే పక్క అద్దం మూల మీద కొట్టండి, ముందు అద్దం పొరలుగా ఉంటుంది, పగిలినా ఊడదు. చిన్న సుత్తి ఒకటి డ్రైవర్ చేతికి అందేచోట ఉంచండి.

రోడ్డు మీద పంట, టైరులో మట్టి

కోతలయ్యాక సోయా, కంది, ఉలవ కట్టెను రోడ్డు మీద పరిచి, బళ్లు తొక్కితే గింజ రాలుతుందని వదిలేయడం మన దగ్గర మామూలే. రైతు కష్టం తెలుసు, కళ్లాలు లేవనీ తెలుసు. అయినా సెడాన్ వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎండు కట్టె కింద ఇరుక్కుని యాక్సిల్ షాఫ్టుకు చుట్టుకుంటుంది. అడుగున సైలెన్సర్ గొట్టం, దానికి ముందున్న కెటలిటిక్ కన్వర్టర్ కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంటాయి. నేలకు దగ్గరగా ఉన్న బండికి మంట అంటుకోవడానికి అదే చాలు. పరిచిన కట్టె మీదుగా పోక తప్పకపోతే మెల్లగా పోయి, దాటగానే ఆపి, వంగి చూసి, ఇరుక్కున్నది కర్రతో లాగండి. ఎండు గడ్డి మీద, చొప్ప పక్కన బండి నిలపకండి. కాలిన వాసన వస్తే ఇంజన్ ఆపి అందరూ దిగి దూరం జరగండి. పొగ వస్తున్న బానెట్‌ను ఒక్కసారిగా ఎత్తకండి, గాలి తగిలి మంట లేస్తుంది. ఒక కిలో అగ్నిమాపక డబ్బా ముందు సీటు కింద ఉండాలి.

పరిచిన గింజల మీద బ్రేకు పట్టదు. ముందుగానే వేగం తగ్గించండి.

వానాకాలంలో మన నల్లరేగడి ఇంకో పని చేస్తుంది. తారు అంచు దిగిన సెడాన్ చక్రం అందులో కూరుకుపోతుంది, లాగిన కొద్దీ పక్కకు జారుతుంది. ఎదురుగా వచ్చే బస్సుకు దారిస్తూ అంచు దిగాల్సి వస్తే ఆగి దిగండి. వేగంలో దిగి, మళ్లీ ఒక్క గుంజుతో పైకి ఎక్కించబోతే బండి అడ్డం తిరుగుతుంది. పొలం నుంచి వచ్చాక హైవే మీద 80 దాటగానే స్టీరింగ్ వణికితే చాలామంది అలైన్‌మెంట్ పోయిందనుకుంటారు. ముందు చక్రాల లోపలి వైపు ఎండిన మట్టి గడ్డలు గీకండి. చాలాసార్లు వణుకు అక్కడే పోతుంది. పోకపోతే బ్యాలెన్సింగ్ చేయించండి.

ఎండ, టైర్లు

మే నెలలో నాందేడ్ వైపు ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. టైరు పేలడానికి ఎక్కువ గాలే కారణమని మన దగ్గర గట్టి నమ్మకం. ఎండాకాలం గాలి తగ్గించి తిరుగుతారు. అది తప్పు. గాలి తగ్గిన టైరు గోడలు ఎక్కువగా వంగి, ఆ వంగుడుకే వేడెక్కి, లోపలి అల్లిక తెగి పేలుతుంది. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు స్టిక్కర్‌లో ఉన్నంత గాలి పెట్టండి. వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తే తీసేయకండి.

టైరు గోడ మీద నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ప్రకారమే మార్చాలి. మన వానలకు అంతకు ముందే మార్చడం మేలు. గాడి బాగున్నా ఆరేళ్లు దాటిన టైరును హైవేకు తీసుకుపోకండి. డిక్కీ అడుగున ఉన్న స్టెప్నీకి కూడా ఇది వర్తిస్తుంది. కొన్ని మోడళ్లలో స్టెప్నీ మిగతా టైర్ల కంటే చిన్నది, దాని మీద 80 దాటకూడదని రాసి ఉంటుంది.

నడుస్తుండగా టైరు పేలితే బ్రేకు తొక్కకండి. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని తిన్నగా పోనిస్తూ ఎక్సలేటర్ మెల్లగా వదలండి. బండి తనంతట తాను నెమ్మదించాక పక్కకు తీయండి.

ఎండలో నిలిపిన కారులో పిల్లలను "ఐదు నిమిషాల్లో వస్తా" అని వదిలి పోకండి. అద్దం కాస్త దించినా లోపలి వేడి ఆగదు.

ఊరి లోపల

1959లో మొదలైన సంస్కృతి సంవర్ధన్ మండల్ బడులూ వసతి గృహాలూ ఉండటం వల్ల సగరోళి దారుల్లో పొద్దునా సాయంత్రం పిల్లలు ఎక్కువ. సెడాన్ వెనక డిక్కీ ఎత్తుగా, వెనక అద్దం వాలుగా ఉంటుంది. బండి వెనక నిలబడ్డ మూడేళ్ల పిల్లాడు అద్దంలో కనిపించడు. వెనక సెన్సార్లు 2019 జులై నుంచే తప్పనిసరయ్యాయి, అంతకు ముందు బళ్లలో చాలావాటికి లేవు. సెన్సార్ ఉన్నా లేకున్నా రివర్స్ వేసే ముందు దిగి ఒకసారి వెనక్కి నడిచి చూడండి. వాకిట్లో జరిగే ఘోరాలు చాలావరకు సొంత ఇంటి పిల్లలకే జరుగుతాయి.

స్పీడ్ బ్రేకర్లకు కొలత ఉండదు. ఎత్తయినదాన్ని కాస్త ఏటవాలుగా, నిండు బరువుంటే ఇద్దరిని దించి దాటించండి. అడుగున గట్టిగా తగిలిన చప్పుడు వస్తే అక్కడే ఆగి కింద చూడండి. చాంబర్ పగిలి ఆయిల్ కారుతున్నా లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే వెంటనే ఇంజన్ ఆపాలి, షెడ్డు దాకా పోదాం అనుకుంటే ఇంజన్ పట్టేస్తుంది.

పద్దెనిమిది నిండని పిల్లాడికి తాళం ఇవ్వకండి. వాడు నడిపి పట్టుబడితే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా అని 2019లో సవరించిన చట్టం చెబుతోంది.

హైదరాబాద్ నుంచి పాత బండి తెచ్చేటప్పుడు

మెరుస్తున్న పెయింటు చూసి బేరం కుదుర్చుకోకండి. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లో ఎన్నో కాలనీల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటివి బాగుచేసి అమ్ముడవుతాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, ఎప్పుడూ బయటికి రాని ఆ కొసన బురద చార ఉంటే బండి మునిగినట్టే. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి వాసన చూడండి, సీటు పట్టాల బోల్టుల తుప్పు చూడండి, స్టెప్నీ గుంత అడుగు చూడండి. మునిగిన బండిలో వైర్ల జాయింట్లు ఎప్పుడు చెడతాయో తెలియదు, ఎయిర్‌బ్యాగు అవసరమైనప్పుడు తెరుచుకోకపోవచ్చు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి ఆరిపోవాలి. వెలగకపోయినా, ఆరకపోయినా ఆ బండి వద్దు.

2000 తర్వాతి దశాబ్దంలో తయారైన కొన్ని హోండా సిటీల్లో తకాటా ఎయిర్‌బ్యాగు ఇన్‌ఫ్లేటర్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా మార్చింది. ఆ లోపమున్నవి తెరుచుకున్నప్పుడు లోహపు ముక్కలు చిమ్మే ప్రమాదం ఉంది. పాత సిటీ కొంటే దాని చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి ఆ పని జరిగిందో లేదో చూడండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇప్పుడు బంకుల్లో వస్తోంది కాబట్టి పాత బండి రబ్బరు పైపులకు పగుళ్లున్నాయేమో మెకానిక్‌తో చూపించండి. బండిలో పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయకండి.

తెలంగాణ నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పేవాళ్లు ఉన్నారు. వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే నంబరు మార్చుకోవాలి. అక్కడ ఎన్‌ఓసీ తీసుకుని ఇక్కడ ఎంహెచ్ 26 వేయించుకోండి. బండి మీకు బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదికి మార్చమని రాయండి. అది మరిస్తే మీ బండికి జరిగిన నష్టం రాబట్టడం కష్టమవుతుంది.

దెబ్బ తగిలితే

112 లేదా 108కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. సరిహద్దు ఊళ్లలో ఫోన్ ఎప్పుడు ఏ రాష్ట్రం టవర్‌ను పట్టుకుంటుందో చెప్పలేం. అందుకని "బిలోలి రోడ్డు మీద" అంటే చాలదు. ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, తాలూకా, దగ్గరి ఊరు, మంజీరకు ఈవలా ఆవలా అన్నది వరసగా చెప్పండి. అవతలివాళ్లు మరాఠీలో మాట్లాడినా తెలుగులో మాట్లాడినా ఊళ్ల పేర్లు ఇద్దరికీ తెలుసు.

గాయపడినవాళ్లను లాగి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. మెడ కదలకుండా ఉంచి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మంటో, నీళ్లో ముంచుకొస్తేనే బయటికి తీయండి. బండి ఇంజన్ ఆపండి. ఆగి సాయం చేసినవాళ్లను కేసులో ఇరికించకూడదని మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ చెబుతోంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. అందుకని ఆగండి. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం కింద రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా డబ్బు కట్టకుండానే గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో వైద్యం అందాలి. ఆసుపత్రిలో అడ్వాన్స్ అడిగితే ఆ సంగతి చెప్పి పోలీసులకు వెంటనే కబురు చేయండి, ఆ పథకం నడవడానికి వాళ్ల నమోదు కావాలి. బండిని పక్కకు తీసే ముందు నాలుగు ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ తర్వాత ఫోన్ చేయండి.